పేరు చెక్కిన క్యాను

పాలు పొంగుకొచ్చే క్షణమంటే ఎలిజబెత్‌కి భలే సరదా. గిన్నె అంచు చుట్టూ ముందు సన్నటి బుడగలు పుడతాయి. తర్వాత మీగడంతా ఒక్కసారిగా ఉబ్బి పైకి లేస్తుంది. ఇక పొర్లిపోతుందనగా ఆమె చటుక్కున స్టవ్వు ఒత్తులు దించి, ఏదో గెలిచినట్టు తనలో తను నవ్వుకునేది. కొత్తకాపురంలో ఇలాంటి గెలుపులు ఆమెకు బోలెడు. జాన్‌బాబు గడ్డం గీసుకుంటూ అద్దంలోంచి తన వంక దొంగచూపు చూడటం ఒకటి. ఉప్పెన తర్వాత కొత్తగా నేసిన పెంకుల సందుల్లోంచి చాప మీద పడ్డ ఎండచుక్కలు మధ్యాహ్నానికి గోడెక్కడం ఒకటి. కాలవకు నీళ్లు వదిలిన రోజున ఇద్దరూ గట్టు మీదికి వెళ్లి, ముందుగా కొట్టుకొచ్చే చెత్తనూ దాని వెనకే పొర్లుకొచ్చే ఎర్రనీటినీ చూసి రావడం ఒకటి. బెజవాడలో బి.ఏ. చదివిన పిల్ల, పంచాయతీ సమితి ఆఫీసు తప్ప మరేమీ లేని ఈ ఊళ్లో ఎలా ఉంటుందోనని వాళ్లమ్మ దిగులుపడింది గాని, ఎలిజబెత్‌కి దిగులుపడే తీరికే దొరకలేదు.

అన్నిటికన్నా ఆమెకు ముద్దొచ్చేది పాలక్యాను. పెళ్లికి మేనమామ గవర్నర్‌పేటలో కొన్న స్టీలు సామానంతటి మీదా కొట్టువాడు పేర్లు చెక్కి ఇచ్చాడు. పళ్లేల మీద పొడి అక్షరాలే. క్యానుకు పొట్ట పెద్దది కాబట్టి కాబోలు, దాని మీద మాత్రం ‘ఎలిజబెత్ – జాన్‌బాబు’ అని పూర్తిగా, చుట్టూ తీగ వేసి మరీ చెక్కాడు. కామందు రామకోటేశ్వరరావు గారింటి నుంచి ఇత్తడి చెంబులో పాలు వస్తుంటే చిలుము వాసనేస్తోందని, ఆమె ఈ క్యానును పంపడం మొదలుపెట్టింది. తన పేరు రోజూ ఊరంతా నడిచి తన గుమ్మంలోకే వస్తోందని జాన్‌బాబుతో చెప్పి మురిసిపోయింది.

ఆ పేరును మోసుకొచ్చేది ఆదెమ్మ. బక్కమనిషి. పితికి పితికి కుడి బొటనవేలి కణుపు బయటికి ఉబికిపోయి, వేలు లోపలికి వంగి ఉండేది. తెల్లారగట్లే వచ్చి మెట్టు మీద గొంతుక్కూర్చుని, చుక్క కింద పడకుండా పాలు గిన్నెలోకి వంచేది. ఎలిజబెత్ క్యాను కడిగి ఇస్తే పట్టుకుని వెళ్లిపోయేది. ఆదివారం గుళ్లో ఇద్దరూ కనపడేవారు. ఎలిజబెత్ పాస్టరు గారి భార్య పక్కన బల్ల మీద, ఆదెమ్మ చివరి చాప మీద.

ఆ సోమవారం క్యాను కడిగి ఇచ్చినా ఆదెమ్మ లేవలేదు. పైట చెంగుతో క్యాను తుడుస్తూ, అక్షరాల దగ్గర ఆగి, అదేమిటని అడిగింది. మా పేర్లని ఎలిజబెత్ చెప్పింది. ఆదెమ్మ కాసేపు ఆ గీతల మీద వేలు నడిపించి, అమ్మగారు ఒక కాయితం రాసిపెడతారా అంది.

ఆమె చెప్పిన సంగతి ఇది. ఆమె మొగుడు జక్కయ్య, వాళ్లయ్య చేసిన అప్పు కింద చిన్నప్పటి నుంచి కామందు గారింట్లో చాకిరీ చేశాడు. అప్పు తరగలేదు గాని మనిషి తరిగిపోయాడు. ఇంతలో వెట్టిచాకిరీ రద్దని చట్టం వచ్చింది. ఆఫీసర్లు వచ్చి విచారించి, జక్కయ్య, ఆదెమ్మ ఇక ఎవరికీ బాకీ లేరని కాగితం ఇచ్చారు. బతుకుతెరువుకు గవర్నమెంటు ముందు ఒక గేదెను ఇప్పించింది. గేదెకు పాక, మేత, ఆ పైన చేతి ఖర్చు, వీటికి విడతలు విడతలుగా డబ్బు వస్తుందన్నారు. గేదె వచ్చింది. వానాకాలం. కట్టేసే చోటు లేదు. పాక లేచేదాకా మా సావిట్లో కట్టుకోండని కామందు గారే పెద్దమనసు చేసుకున్నారు. ఆ విడతల డబ్బు మాత్రం ఇప్పటికీ రాలేదు. అడిగితే, గేదె నీ దగ్గర లేదటగా, ముందు ఇంటికి తోలుకుపో, అప్పుడు చూద్దామంటారు.

“పాకేత్తే గాని గేదె రాదు. గేదొత్తే గాని పాక డబ్బు రాదు. రెండేళ్ల నించీ ఈ రాట చుట్టూనే తిరుగుతున్నా,” అంది ఆదెమ్మ. విసిగిపోయి జక్కయ్య ఇబ్రహీంపట్నం పోయి, కరెంటు ఫ్యాక్టరీ కడుతున్నచోట మట్టి మోస్తున్నాడు. ఇప్పుడు గేదె ఈనింది, పెయ్యదూడ. వానలు ముదరకముందే తాటాకు పాక లేపకపోతే ఈ ఏడూ అక్కడే. దూడ ఆ సావిట్లోనే పెరిగి పెద్దదైతే అది కామందు గారి దూడే అయి కూర్చుంటుంది.

అయితే చాకిరీ రద్దయ్యాక మళ్లీ ఆ సావిట్లోకి ఎందుకు వెళ్తున్నావని ఎలిజబెత్ అడిగింది.

“ఆ గేదె, మా చుక్క, నా చేతికి తప్ప చేపదమ్మా, పాలు దించదు. నేను పోకపోతే పొదుగు రాయైపోద్ది. దానికేం తెలుసు, చట్టమొచ్చిందని.”

“మరి ఆ పాలు?”

ఆదెమ్మ స్టవ్వు వైపు చూసింది. “పితకటం వరకే నాదమ్మా,” అంది.

ఎలిజబెత్ ఆ మాట వింది గాని పట్టించుకోలేదు. అప్పటికే ఆమె తలలో అర్జీ మొదటి వాక్యం తయారవుతోంది.

మధ్యాహ్నమంతా కూర్చుని రాసింది. కాలేజీలో వ్యాసరచనకు బహుమతి తెచ్చుకున్న చెయ్యి. గుండ్రటి అక్షరాలతో, మార్జిను వదిలి, రాసిందాన్ని బయటికి చదువుకుని, ఒకచోట తన వాక్యానికి తనకే కళ్లు చెమ్మగిల్లితే ముచ్చటపడింది. రావలసిన విడతలన్నీ బకాయిలతో సహా ఇప్పించాలని, పాక వేసుకున్న మరునాడే గేదెను ఇంటికి తోలుకెళ్తుందని రాసింది. సాయంత్రం ఆదెమ్మను పిలిచి చదివి వినిపించింది. ఆదెమ్మ ప్రార్థనలో లాగా నెత్తిన ముసుగు వేసుకుని విని, చివర, “చుక్క పేరు రాశారా?” అని అడిగింది.

ఎలిజబెత్ నవ్వేసింది. గవర్నమెంటు అర్జీల్లో గేదెల పేర్లు రాయరని చెప్పింది.

“మరి ఏ గేదని తెలుస్తది ఆళ్లకి?”

ఎలిజబెత్ తన మొగుడి పెన్నులో సిరా ఆదెమ్మ బొటనవేలికి పూసింది. వంగిన వేలు కాగితం మీద సూటిగా ఆనలేదు. ముద్ర పక్కవాటంగా పడింది.

జాన్‌బాబుకు చెప్పలేదు. సమితి ఆఫీసులో ఎక్స్‌టెన్షన్ ఆఫీసరైన మొగుడికి తెలియకుండా ఒక మంచిపని చేసి, తర్వాత చెప్పి అతని మొహం చూడాలని ఆమెకు సరదా వేసింది. బుధవారం అతనికి బెజవాడలో మీటింగు. తనూ వస్తానంది. అతను మీటింగుకు వెళ్లగానే రిక్షా మాట్లాడుకుని సబ్ కలెక్టరు ఆఫీసుకు వెళ్లింది. కొత్తగా వచ్చిన సబ్ కలెక్టరు కుర్రవాడట, అర్జీలు తనే చేత్తో పుచ్చుకుంటున్నాడు. ఆయన నిలబడే రెండు పేజీలూ చదివి, ఎవరు రాశారిది, బాగుంది, వెంటనే విచారణకు పంపుతాను అన్నాడు. ఆ తర్వాత గవర్నర్‌పేటలో నీలం గాజులు కొనుక్కుంది. మీటింగు నుంచి వచ్చిన జాన్‌బాబుతో హోటల్లో కూర్చుని, ఒకే ప్లేటులో పూరీలు తిని, వాళ్లను చూసి సర్వరు నవ్వితే సిగ్గుపడింది. ఆ రోజంత మంచి రోజు తన బతుకులో లేదనుకుంది.

బందరు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక ఉండబట్టలేక చెప్పేసింది. జాన్‌బాబు ముందు నవ్వాడు. ఆదెమ్మ అన్న పేరు వినగానే నవ్వు ఆగిపోయింది. బస్సు కాలవ పక్కనే పోతోంది. అతను ఆ నీళ్ల వంకకు తిరిగాడు.

“అది తిరిగి నా బల్ల మీదికే వస్తుంది లిజ్జీ,” అన్నాడు.

గేదె ఆదెమ్మ అధీనంలో లేదని రిపోర్టు రాసింది అతనే. రాసేటప్పుడు తనింకా కొత్త. రాసిందాంట్లో అబద్ధమేమీ లేదు. గేదె ఎక్కడుందో వెళ్లి చూశాడు, చూసింది రాశాడు. ఎందుకక్కడుందో రాయమని ఎవరూ అడగలేదు. ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. ఉంటున్న ఇల్లు కూడా కామందు గారిదే, పేరుకే అద్దె. ఇవన్నీ అతను గొంతు పెంచకుండా, ఆమె చేతి గాజులు ఒక్కొక్కటే జరుపుతూ చెప్పాడు.

“పాలకి నెలకెంతిస్తున్నామండీ మనం?” అంది ఎలిజబెత్.

“ఆయన పుచ్చుకోడు.”

పితకటం వరకే నాదమ్మా అన్న మాట అప్పుడు దిగింది ఆమెలోకి. ఒళ్లో కొత్త గాజుల డబ్బా ఉంది. దాన్ని పక్కన పెట్టడానికి చోటు లేక అలాగే పట్టుకుంది. వచ్చే నెల నుంచి ఇద్దామండీ అంది.

“ఎవరికి?” అన్నాడు జాన్‌బాబు.

కొత్త సబ్ కలెక్టరు మాట నిలబెట్టుకున్నాడు. మరో వారం తిరగకముందే డిప్యూటీ తహసీల్దారు జీపులో వచ్చి ట్రావెలర్స్ బంగళాలో దిగాడు. పొద్దున్నే సావిడి దగ్గరికే వచ్చి, పాలు పితికే వేళకు కళ్లారా చూస్తానని కబురు పెట్టాడు. ఫైలు పట్టుకుని జాన్‌బాబు కూడా రావాలి. ఆ కబురు విని ఆదెమ్మ మొహంలో ఎలిజబెత్ ఎప్పుడూ చూడని కళ కనిపించింది. జక్కయ్యకు మనిషి చేత కబురంపానని, పాక వేయడానికి నాలుగు రోజులు సెలవు పెట్టుకు రమ్మన్నానని చెప్పింది. తాటాకులు ఎక్కడ చవగ్గా దొరుకుతాయో కూడా కనుక్కుంది.

“మీరూ రండమ్మా. మీరు పక్కనుంటే నాకు నోరొస్తది,” అంది.

వెళ్లకుండా ఉండాలని ఎలిజబెత్‌కి ఉంది. కాని ఆ మొహం చూసి కాదనలేకపోయింది.

సావిడి పొడుగ్గా, నేల బండలు పరిచి, తన ఇంటికన్నా శుభ్రంగా ఉంది. గేదెలు వరసన గాటికి కట్టేసి ఉన్నాయి. రామకోటేశ్వరరావు గారు తెల్లటి బనీను, పంచెతో, వేపపుల్ల నములుతూ నిలబడి, కొత్తకోడలు వచ్చిందని లోపలికి కేకేసి కుర్చీ తెప్పించాడు. ఎలిజబెత్ కూర్చోలేదు. చివర్న ఉన్న గేదె నుదుటి మీద తెల్లమచ్చ. అదే చుక్క అని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఆదెమ్మ అడుగుల చప్పుడుకే అది మెడ తిప్పి, మెల్లగా అరిచింది.

ముందు పాలేరు ఒకడు కూర్చుని పొదుగు మీద చెయ్యి వేశాడు. చుక్క కాలు విసిరింది. డిప్యూటీ తహసీల్దారు తల ఊపి, సరే, ఆమెనే పితకమనండి అన్నాడు. ఆదెమ్మ దూడను వదిలింది. అది రెండుసార్లు కుమ్మి చీకింది. పొదుగులోకి పాలు దిగుతుండగా దూడను లాగి రాటకు కట్టి, నీళ్లతో పొదుగు కడిగి, నుదురు గేదె డొక్కకు ఆనించి, గొంతులో ఏదో సన్నగా అంటూ పితకడం మొదలుపెట్టింది. మిగతా గేదెల పాలన్నీ ఒక బిందెలో కలిసిపోతున్నాయి. చుక్క పాలు మాత్రం వేరే. ఎక్స్‌టెన్షన్ ఆఫీసరు గారింటికి కలగాపులగం పాలు పోకూడదని కామందు గారి ఆజ్ఞ. మోకాళ్ల మధ్య ఆమె ఇరికించుకున్నది స్టీలు క్యాను. తలుపులోంచి ఏటవాలుగా పడ్డ ఎండలో దాని పొట్ట మీద తీగ, తీగ మధ్యన అక్షరాలు, గుమ్మంలో నిలబడ్డ ఎలిజబెత్‌కి చదవొచ్చేలా మెరుస్తున్నాయి.

పితకడం అయ్యాక ఆమె క్యాను తెచ్చి అరుగు మీద పెట్టింది. నురగ అంచు దాటి ఉంది.

డిప్యూటీ తహసీల్దారు చెడ్డవాడిలా లేడు. కాగితాలు తిరగేసి, గేదె ఎవరిదని అడిగాడు. ఆదెమ్మదేనన్నాడు రామకోటేశ్వరరావు గారు, ఎవరూ అడగకముందే. పేదది కదా అని చోటిచ్చానన్నాడు. దాని గేదె, దాని చెయ్యి, దాని ఇష్టం.

“మరి పాలు ఎవరు తీసుకుంటున్నారు?”

“అదే పట్టుకుపోతుంది. అడగండి.”

డిప్యూటీ తహసీల్దారు క్యాను వైపు చూశాడు. వంగి, కళ్లజోడు సరిచేసుకుని, అక్షరాలు కూడబలుక్కుంటున్నట్టు మెల్లగా పైకి చదివాడు. ఎలిజబెత్. జాన్‌బాబు. తర్వాత తలెత్తి, ఫైలు పట్టుకుని నిలబడ్డ జాన్‌బాబును చూశాడు.

“ఏమయ్యా. గేదె ఆమె దగ్గర లేదని రాసింది నువ్వేగా. ఆ గేదె పాలు నీ ఇంటికా పోతున్నాయి?”

ఫైలు తాడు జాన్‌బాబు వేలికి చుట్టుకుని బిగుసుకుంది. రామకోటేశ్వరరావు గారు వేపపుల్ల తీసి పక్కకు ఉమ్మేసి, చాలా తాపీగా గేదెల వంక చూస్తున్నాడు.

ఆదెమ్మ ఒకసారి జాన్‌బాబును చూసింది. తర్వాత ఎలిజబెత్‌ను చూసింది. ఎలిజబెత్ చేతులు రెండూ పైటలో చుట్టేసుకుని ఉన్నాయి. నీలం గాజులు ఆ పైటలోంచి సన్నగా మోగుతున్నాయి.

“ఆ అమ్మగారికి నేనే అమ్ముతున్నానండయ్యా,” అంది ఆదెమ్మ. “ఉత్తినే కాదండి. నెలకోసారి డబ్బులు ఇచ్చేత్తారు.”

డిప్యూటీ తహసీల్దారు ఎలిజబెత్ వైపు తిరిగాడు. “ఏమ్మా, ఇస్తున్నారా?”

చెప్పాల్సిన మాట ఆమె దగ్గర ఉంది. గుండ్రటి అక్షరాలతో రెండు పేజీలు రాసింది ఆ మాట కోసమే. నాలుక మీదికి వచ్చింది కూడా. జాన్‌బాబు ఆమె వంక చూడటం లేదు. వేలికి చుట్టుకున్న తాడు కేసి చూస్తున్నాడు. పొద్దున హడావిడిగా గడ్డం గీసుకున్నాడేమో, చెవి కింద సబ్బు నురగ తెల్లగా ఎండిపోయి ఉంది.

“ఇస్తున్నామండి,” అంది ఎలిజబెత్.

అంతే. ఆ తర్వాత జరగాల్సిందంతా చకచకా జరిగిపోయింది. డిప్యూటీ తహసీల్దారు అరుగు మీద కూర్చుని, రాస్తూ రాస్తూ, ఆదెమ్మకు అర్థమయ్యేలా చెప్పాలన్న మంచితనంతో పైకి చెప్పాడు. గేదె నీ అధీనంలోనే ఉంది. ఉండటానికి చోటుంది. పాలమ్మకం మీద నెలనెలా ఆదాయం వస్తోంది. అంటే నీ పునరావాసం పూర్తయింది. ఇలా నిలదొక్కుకున్నవాళ్లకు ఇంకా విడతలు, బకాయిలు అంటే రూలు ఒప్పుకోదు. నువ్వు బాగుపడ్డావు, సంతోషం. ఆదెమ్మ తల ఊపుతూ వింది. ఆయన ముద్ర వెయ్యమన్నచోట వంగిన వేలితో పక్కవాటంగా ముద్ర వేసింది.

దారిలో జాన్‌బాబు ఎలిజబెత్ చెయ్యి పట్టుకోబోయాడు. ఊళ్లో, పట్టపగలు. ఇంకో రోజైతే ఆమె ఆ సాహసానికి పొంగిపోయేది. ఆదెమ్మ మహాతల్లి, నా ఉద్యోగం నిలబెట్టిందని అతను అన్నాడు. పర్మినెంటు కాగానే ఏదో ఒక స్కీములో ఆమెకు మంచి చేస్తానని కూడా అన్నాడు. అతను నిజంగానే అంటున్నాడని ఆమెకు తెలుసు.

మర్నాడు తెల్లారగట్ల ఆదెమ్మ మామూలుగానే వచ్చింది. మెట్టు మీద గొంతుక్కూర్చుని, చుక్క కింద పడకుండా పాలు వంచింది. జక్కయ్య నిన్న సాయంత్రం వచ్చి, పాక లేదని తెలిసి, రాత్రి బస్సుకే తిరిగి వెళ్లిపోయాడట. ఇంట్లో అన్నం కూడా తినలేదట.

ఎలిజబెత్ పాలగిన్నె లోపల స్టవ్వు మీద పెట్టి వచ్చింది. డబ్బు అప్పటికే సిద్ధం చేసుకుని ఉంది. కాపురానికి వచ్చేటప్పుడు అమ్మ చీరల మధ్య దాచి ఇచ్చిన నోట్లు. మడిచి ఆదెమ్మ చేతిలో పెట్టబోయింది. ఆదెమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

“వద్దమ్మా.”

“నీ పాల డబ్బే ఆదెమ్మా. నేను ఊరికే ఇవ్వట్లేదు.”

“అందుకే వద్దంటన్నా. నిన్న రాత్రి కామందు గారు గుమాస్తాని పిలిచి, మేత లెక్క రాయమన్నారు నా పేరు మీద. గేదొచ్చిన కాణ్ణించీ మేసిన గడ్డీ, తవుడూ. పాలమ్ముకుంటన్నావంటగా, మరి మేత నేనెందుకు భరించాలా అన్నారు.” ఆదెమ్మ గొంతులో కోపం లేదు. గాటిలో గడ్డి ఎంత మిగిలిందో చెప్పినట్టు చెప్పింది. “మా మామ అప్పూ ఇట్టాగే మొదలైంది, వడ్ల గింజల కాడ. నిన్న నేను చెప్పింది అబద్ధం. ఇయ్యాల నేనీ డబ్బు తీసుకున్నాననుకోండి, అది నిజమైపోద్ది. అప్పుడు నాకింక నోరుండదు.”

ఎలిజబెత్ నోట్లు పట్టుకుని అలాగే నిలబడింది. మరెందుకలా చెప్పావు అని అడగాలనుకుంది. అడగలేదు. ఆ ప్రశ్న ముందు తనను తను అడుక్కోవాలి.

“క్యానియ్యండమ్మా, ఎల్తా. ఎండెక్కుతుంది.”

క్యాను ఎలిజబెత్ రెండో చేతిలో ఉంది. కడగలేదు. లోపల గోడలకు నురగ ఇంకా అంటుకునే ఉంది. ఇవ్వకుండా గుండెకు ఆనించుకుంది.

“ఇంక పంపను ఆదెమ్మా. మాకొద్దు ఈ పాలు.”

ఆదెమ్మ ఆమెను తేరిపార చూసింది. చిన్నపిల్ల మారాం చేస్తుంటే చూసినట్టు చూసింది.

“మీరు క్యానియ్యకపోతే ఆళ్ల చెంబులో తేమంటారు. పాలు మానేత్తే నేనేదో చెప్పి మాన్పించానంటారు. పొదుగులో పాలైతే ఆగవుగా.” లేచి, మోకాళ్లు సరిచేసుకుని, నాలుగడుగులు వేసి ఆగింది. “ఇంకో కాయితం రాయండమ్మా. మీరు బాగా రాత్తారు. ఈసారి చుక్క పేరు రాయండి. ఆ క్యాను సంగతీ, దాని మీద రాసున్న పేర్లూ రాయండి. వేలిముద్ర నేనేత్తా. కింద మీరూ సంతకం పెట్టండి.”

ఆమె ఎలిజబెత్ జవాబు కోసం ఆగలేదు. కాలవగట్టు ఎక్కి, వట్టి చేతులు ఊపుకుంటూ, ఎప్పటి నడకతోనే వెళ్లిపోయింది.

లోపల స్టవ్వు మీద పాలు అంచు దాకా వచ్చి పొంగి, ఒత్తుల మీదికి పొర్లాయి. మాడిన వాసన ఇల్లంతా నిండింది. నీలం మంట పచ్చగా మారి రెండుసార్లు ఎగిరి ఆరిపోయింది. అద్దం ముందు నుంచి జాన్‌బాబు, గొంతులో నిద్ర ఇంకా వదలకుండా, లిజ్జీ, పాలు వచ్చాయా అని అడిగాడు.

ఎలిజబెత్ మెట్టు మీద నిలబడి గట్టు వంక చూసింది. అక్కడ ఎవరూ లేరు. చేతిలో క్యాను మీద బొటనవేలు ఎక్కడుందో చూసుకుంది. తన పేరు మీదే ఉంది.

“వచ్చాయండి,” అంది.